నాందేడ్‌లో ఒక ముద్ద అన్నం

నాందేడ్ పోయొచ్చినవాళ్లు గురుద్వారా గురించి చెబుతారు, గోదావరి ఘాట్ల గురించి చెబుతారు. నేను చెప్పుల తోలు కోసే ఒక బల్ల గురించి చెప్పాలి. నిజామాబాద్‌లో రైలెక్కితే ఒక పెద్ద సినిమా చూసినంత సేపట్లో చేరే ఊరది. పెళ్లయి ఇరవై ఆరేళ్లయినా నేను ఒక్కసారీ అటు వెళ్లలేదు. దానికి కారణం దూరం కాదు, శైలజ.

శైలజ మా ఆయన మేనమామ కూతురు. నాందేడ్‌లో బట్టల దుకాణం పెట్టుకుని స్థిరపడ్డ తెలుగు కుటుంబం వాళ్లది. ఒకప్పుడు వీళ్లిద్దరికీ పెళ్లి చేద్దామని పెద్దవాళ్లు అనుకున్నారు. ఆ పిల్ల డాక్టరీ చదువుతానని మొండికేసింది. ఆ తర్వాత చూసిన సంబంధం నేను. ఆమె డాక్టరయింది, పెళ్లి చేసుకోలేదు. ఆ రెండో సంగతి ఇన్నేళ్లూ నాకు చెప్పులో రాయిలా ఉంది. పక్షవాతం వచ్చినవాళ్లనీ, ప్రమాదాల్లో కాళ్లూచేతులూ దెబ్బతిన్నవాళ్లనీ మళ్లీ తమ పనులు తాము చేసుకునేలా తయారుచేసే వైద్యం ఆమెది. అది చాలదన్నట్టు వాళ్లకి కావలసిన పరికరాలు కూడా తనే కనిపెడుతుంది.

ఎనిమిది నెలల కింద మా ఆయనకి కుడివైపు పడిపోయింది. మాట తిరిగొచ్చింది, కాలు తిరిగొచ్చింది, చెయ్యి రాలేదు. వేళ్లు ముడుచుకునే ఉంటాయి, తెరుచుకోవు. ఎడమచేత్తో అన్నం ముట్టరు. చెంచా ఇస్తే ఆసుపత్రి మంచం గుర్తొస్తుందంటారు. కాబట్టి మూడు పూటలా నేనే కలిపి పెట్టాలి, అదీ తలుపు గడియ వేసి, ఎవరూ చూడకుండా. పెళ్లిళ్లలో బంతిలో కూర్చుని వడ్డించేవాళ్లని ఆటపట్టించిన మనిషి ఎనిమిది నెలలుగా ఒక్క ఇంటి భోజనానికీ వెళ్లలేదు. అందుకని, పళ్లు నూరుకుంటూనే, నేనే శైలజకి ఫోన్ చేశాను.

బాసర వంతెన

బాసర ఇంకా రాకముందే రైలు గోదావరి మీదికి ఎక్కింది. జనం కిటికీల్లోంచి రూపాయి బిళ్లలు విసిరారు. మా ఎదురుసీటులో పెద్దామె మాహూర్ రేణుకమ్మకి మొక్కు తీర్చడానికి పోతోంది. తను ఒక బిళ్ల వేసి, మా ఆయన కుడిచేతిలోనూ ఒకటి పెట్టింది.

"ఎయ్ తమ్మీ, గంగమ్మకు మొక్కి ఎయ్."

బిళ్ల వేళ్ల మధ్య ఇరుక్కుంది. ఆయన చెయ్యి ఊపారు, వేళ్లు తెరుచుకోలేదు. వంతెన అయిపోయింది. అప్పుడు గాని ఆ తల్లికి సంగతి అర్థం కాలేదు.

"పర్వలేదు బిడ్డా, మర్లొచ్చేటప్పుడు ఏద్దువు తియ్."

ఆయన కిటికీ వైపు తిరిగిపోయారు. నేను వేళ్లు ఒక్కొక్కటీ విప్పి బిళ్ల తీసి నా పర్సులో వేసుకున్నాను. ధర్మాబాద్ వచ్చేసరికి బోర్డులు మరాఠీలోకి మారాయి. చాయ్ ధర మన దగ్గరిలాగే పది రూపాయలు, గ్లాసు మాత్రం మనదాంట్లో సగం.

స్టేషన్‌కి శైలజ జీపు వేసుకుని వచ్చింది. సగం నెరిసిన జుట్టు, రంగు వెయ్యలేదు. నలిగిన నూలు చీర, గోళ్ల సందుల్లో ఏదో జిగురు. చూడగానే అసూయపడటానికి ఆమెలో ఏమీ కనిపించలేదు. దాంతో నాకు మంట ఇంకా ఎక్కువైంది.

"అరే బాప్‌రే! ఏం బావా, గింత బక్కగైనవేంది? అక్క తిండి పెడ్తలేదా?"

"పెడుతున్న. నా చేతితోనే పెడుతున్న, మూడు పూటలు," అన్నాను.

మా ఆయన నవ్వారు. "నువ్వేం మారలేదు శైలూ," అన్నారు. శైలూ! నా పేరు ఆయన నోట పెళ్లయిన కొత్తలో రెండుసార్లు వచ్చింది. ఆ తర్వాత నేను "ఇగో"నే.

రెండు చేతుల రొట్టె

సాయంత్రం గురుద్వారాకి వెళ్లాం. తలకి గుడ్డ కట్టుకుని, కాళ్లు కడుక్కుని లోపలికి పోవాలి. మన గుళ్లలో ప్రసాదం కోసం ఎలా తోసుకుంటామో తెలుసు కదా, ఇక్కడ వేలమంది ఉన్నా ఎవరి మోచెయ్యీ తగల్లేదు. లంగర్‌లో, అంటే అక్కడి ఉచిత భోజనశాలలో, అందరూ కింద వరుసగా కూర్చుంటారు. పప్పు, కూర పళ్లెంలో వేస్తారు. రొట్టె మాత్రం పళ్లెంలో పడెయ్యరు. మనం రెండు చేతులూ దోసిలి పట్టాలి, అందులో పెడతారు.

ఆ సంగతి మాకు తెలియదు. తెల్లగడ్డం పెద్దాయన రొట్టెల బుట్టతో వచ్చి మా ఆయన ముందు ఆగాడు. ఆయన ఎడమచెయ్యి చాచారు. పెద్దాయన రొట్టె పట్టుకుని వంగి నిలబడే ఉన్నాడు. "దోనో హాథ్, బేటా," అన్నాడు మెల్లగా. వరుసలో నలుగురు ఇటు చూశారు. నేను నా కుడిచెయ్యి ఆయన ఎడమచేతి పక్కన చేర్చి పట్టాను. పెద్దాయన ఒక క్షణం చూసి, ఆ దోసిట్లో రెండు రొట్టెలు పెట్టి తలవంచి ముందుకు పోయాడు.

రొట్టె తుంచి ఆయన నోట్లో పెట్టాను. రెండు తుంపులు తిని తల దించుకున్నారు. "చాలు తియ్," అన్నారు. అవతలి పక్కన శైలజ చూసీ చూడనట్టు తన పళ్లెం తుడుచుకుని తింటోంది. చూసీ చూడనట్టు ఉండటం కూడా ఆమెకి ఎంత బాగా చేతనవునో!

గొడుగు ఊచల వైద్యం

మర్నాడు ఆమె పనిచేసే చోటు చూశాను. కింద ఆసుపత్రి, పైన ఇల్లు, వెనక రేకుల షెడ్డు. షెడ్డులో ఒక తోలు బల్ల ముందు గణపత్ మామ కూర్చుని ఉంటాడు. ముప్పై ఏళ్లు చెప్పులు కుట్టిన మనిషి, ఇప్పుడు చేతులకీ కాళ్లకీ పట్టీలు కుడుతున్నాడు. బల్ల చుట్టూ విరిగిన గొడుగులు, సైకిల్ ట్యూబులు, బెల్టు బకిళ్లు. మన పాతసామాన్ల దుకాణానికీ దానికీ తేడా ఏమిటంటే, అక్కడికి వచ్చినవాళ్లు నవ్వుతూ బయటికి పోతున్నారు.

శైలజకి ఒక పద్ధతి ఉంది. ఎక్కడ నొప్పి అని అడగదు, "ఏ పని విడిచిపెట్టినవ్?" అని అడుగుతుంది. ఇంకొకటి, కొత్త పరికరం ఏది చేసినా ముందు ఒక రోజంతా తనే తొడుక్కుని తిరుగుతుంది.

"ఏ పని విడిచిపెట్టినవ్ బావా?"

ఆయన నావైపు చూశారు. నేను జవాబు చెప్పబోయాను. "నువ్ కాదక్కా," అందామె. నన్ను! కాలేజీలో ఇరవై రెండేళ్లు పౌరశాస్త్రం చెప్పిన దాన్ని, నా నోరు మూయించింది.

"తినుడు," అన్నారాయన.

ఆమె తీసుకొచ్చిన పరికరం చూడటానికి పెద్దగా ఏమీ లేదు. మణికట్టుకి తోలుపట్టీ, చేతి వెనకవైపు గొడుగు ఊచలు, వాటికి కట్టిన రబ్బరు దారాలు. ముడుచుకున్న వేళ్లని అవి వెనక్కి లాగి తెరుస్తాయి. మూసుకోవడానికి సత్తువ ఆయన వేళ్లలోనే ఉంది. బొటనవేలిని మాత్రం ఒక గట్టి తోలుముక్క మిగతా వేళ్లకి ఎదురుగా కదలకుండా నిలబెడుతుంది. శైలజ ఒక జొన్నరొట్టె తెచ్చి ముందు పెట్టింది. మనమూ జొన్నరొట్టె తింటాం గాని ఇక్కడిది వెడల్పు, మందం తక్కువ, పక్కన వేరుశెనగ కారం, నూనె పోసి దంచిన పచ్చిమిర్చి ఠేచా.

"తుంచు బావా. తుంచకుంటె మొత్తం నేను తింట, ఊకోను."

తుంచబోయారు. రెండోసారికి వచ్చింది. మూడోసారికి ఠేచాలో అద్దారు కూడా. ఇంట్లో నేను రబ్బరు బంతి ఇచ్చి ఇరవైసార్లు నొక్కమంటే ఏడు దగ్గర అలిగి పడేసే మనిషి, ఇక్కడ ఆమె లెక్కపెడుతుంటే యాభైసార్లు చెయ్యి మూసి తెరిచారు. నేనిస్తే బండరాయి, ఆమె ఇస్తే బంతిపువ్వు.

"సంతోషంగ లేదా అక్కా?" అంది శైలజ.

"ఎందుకు లేదు? ఏడుపొస్తుంది సంతోషంతోని," అన్నాను. సగం నిజం.

భోకర్‌లో వరణ్‌భాత్

మూడోరోజు భోకర్‌లో ఆమె వైద్య శిబిరం, మమ్మల్నీ జీపెక్కించుకుంది. తెలంగాణ వైపు పోయే దారిలో ఉన్న ఊరు. మార్కెట్ యార్డుని అక్కడ మోంఢా అంటారు. మోంఢా ముందు సోయా బస్తాల బండ్లు వరుసగా ఆగి ఉన్నాయి. శిబిరం ఒక బడి వరండాలో. వచ్చినవాళ్లలో సగంమంది తెలుగు, సగంమంది మరాఠీ, మిగిలిన మాటలన్నీ ఉర్దూ.

ఒక రైతమ్మ తన చేతి పట్టీ చూపించడానికి నన్నే పట్టుకుంది.

"గీ డాక్టర్ బాయి నా పాలిటి దేవతమ్మా. నా రొట్టె నేనే తుంచుకుంటున్న ఇప్పుడు. కోడలి మొకం దిక్కు సూసే పని లేదు. నువ్వు ఆమెకేమైతవ్?"

"ఆమె బావకు పెండ్లాన్ని," అన్నాను. ఇలా పరిచయం చేసుకోవాల్సి వస్తుందని ఎన్నడూ అనుకోలేదు.

మధ్యాహ్నం అందరికీ వరణ్‌భాత్ పెట్టారు. అంటే పప్పూ అన్నమే, కాస్త బెల్లం తగులుతుంది. మా ఆయన వరండాలో, జనం మధ్యలో, తనంతట తనే వరుసలో కూర్చున్నారు. ఎనిమిది నెలల తర్వాత! నేను దూరంగా నిలబడి చూస్తున్నాను. కలిపారు. వేళ్లు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి, ముద్ద చేతికొచ్చింది. నోటిదాకా తీసుకుపోయారు. అక్కడ ఆగిపోయింది. ముద్ద వేళ్లలోనే ఉండిపోయింది. చెయ్యి వంచారు. అన్నమంతా చొక్కా మీద పడింది. ఇంకోసారి. మళ్లీ చొక్కా మీదే. ఎదురుగా ఉన్న రెండేళ్ల పిల్ల కిలకిలా నవ్వింది. తల్లి దాని నోరు మూసింది. ఆ నోరు మూయడమే ఆయనకి ఎక్కువ తగిలింది. పళ్లెం తోసేసి లేచిపోయారు.

ఎందుకు పడిందో నాకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది. రొట్టె తుంచాలంటే బొటనవేలు గట్టిగా నిలబడితే చాలు. ముద్ద అలా కాదు. నాలుగు వేళ్ల మీద ముద్దని పెట్టుకుని, నోటి దగ్గర బొటనవేలు వెనకనుంచి తొయ్యాలి. ఎనిమిది నెలలు ఆ పని నా బొటనవేలే చేసింది, నాకు తెలియకుండా ఎలా ఉంటుంది? శైలజ పట్టీలో ఆ వేలు కొయ్యలా నిలబడిపోయింది, తొయ్యలేదు.

తెలిసీ చెప్పలేదు. వాపసు జీపులో ఆమె స్టీరింగ్ పట్టుకుని తనలో తనే గొణుక్కుంటోంది. "ఎక్కడ తప్పింది? వేళ్లు మంచిగనే తెరుచుకున్నయ్ కద..." నేను వెనకసీటులో పత్తిచేలు చూస్తూ కూర్చున్నాను. ఆమెకి రానిది ఒకటుంది, నాకు వచ్చు. ఇరవై ఆరేళ్లలో అంత హాయిగా నేనెప్పుడూ జీపులో కూర్చోలేదు.

చీకటి పడకముందే పై గదిలో తలుపు గడియ వేసి ఆయనకి అన్నం కలిపాను.

"రేపు ఇంటికి పోదాం," అన్నారు. "నువ్వు పెడితె మంచిగనే ఉంది. గీ పట్టీలు గిట్టీలు నాకద్దు."

వినాలనుకున్న మాటే. శైలూ వద్దు, నువ్వు చాలు అన్నట్టే కదా! ముద్ద పెట్టడానికి చెయ్యి ఎత్తాను. ఆయన నావైపు చూడలేదు, పళ్లెం వైపు చూడలేదు. చొక్కా మీద ఎండిపోయిన పప్పు మరకని చూసుకుంటూ నోరు తెరిచారు. ఆయన కంటే నా గెలుపు ఎక్కువైపోయిందా నాకు?

తోలు బల్ల దగ్గర

నాలుగోరోజు పొద్దున్నే కిందికి దిగాను. షెడ్డులో శైలజ అప్పటికే ఉంది. పట్టీ తన చేతికే తొడుక్కుని, ముందు ఒక పళ్లెంలో పప్పన్నం పెట్టుకుని తింటోంది. ముద్ద నోటి దగ్గరికి తెచ్చి, తల వంచి, చెంచా మీదనుంచి అందుకున్నట్టు పెదాలతో అందుకుంటోంది. గణపత్ మామ బల్ల ముందు కూర్చుని విచారంగా చూస్తున్నాడు.

"నాకు సమజైతలేదక్కా," అంది. "నాకు అన్నం మీద పడ్తలేదు. బావకెందుకు పడుతుంది?"

"నువ్వు తినే తీరే గట్లుంది. పెదాలతోని గుంజుకుంటున్నవ్."

"పదిహేనేండ్లు హాస్టల్ల, దవాఖానాల్ల చెంచాతోని తిన్న. ఇంటికొస్తె రొట్టె. అన్నం తినుడే తక్కువ."

"నువ్వు ఎప్పుడన్నా ఎవరికన్నా ముద్ద కలిపి పెట్టినవా?" అనేశాను.

అన్నాక గాని ఎంత మాట అన్నానో తెలియలేదు. గణపత్ మామకి తెలుగు రాకపోయినా చేతిలో కత్తి ఆపాడు. తను తిరిగి తిడుతుందని సిద్ధంగా నిలబడ్డాను. తిడితే బాగుండేది.

"లేదక్కా," అంది. "పెట్టేటందుకు ఎవరు లేరు కద. నువ్వు చూపెట్టు."

పళ్లెం ముందు కూర్చున్నాను. కలిపాను, ముద్ద చేశాను, నాలుగు వేళ్ల మీదికి తీసుకున్నాను, బొటనవేలితో నోట్లోకి తోశాను. "ఇగో, ఇక్కడ. నీ పట్టీల బొటనవేలు మొద్దు లెక్క నిలబడ్డది. అది తోస్తలేదు."

శైలజ కళ్లు పెద్దవయ్యాయి. "మళ్లొక్కసారి." మళ్లీ చేశాను. "మళ్లా." గణపత్ మామ లేచొచ్చి "హళూ హళూ, తాయీ," అన్నాడు, మెల్లగా చెయ్యమని. తర్వాత తెల్లటి మెత్తతోలు ముక్క ఒకటి నా బొటనవేలి చుట్టూ చుట్టి దారం కట్టాడు. దాంతోనే తినమన్నాడు. అలా ఇరవై ముద్దలు తిన్నాను, పొద్దున ఏడింటికి, ఆకలి లేకుండా, చల్లారిన పప్పన్నం. విప్పి చూస్తే తోలు ఎక్కడెక్కడ మడత పడిందో, ఎక్కడ ముద్దని తోసిందో అక్కడక్కడే పప్పులోని పసుపు అంటుకుని ఉంది. గణపత్ మామ ఆ పసుపు గీత వెంబడే గట్టి తోలుని కోసి, వేలు వంగి తోసేలా మధ్యలో సైకిల్ ట్యూబు ముక్క కుట్టడం మొదలుపెట్టాడు.

"నిన్న భోకర్లనే తెలిసిందా అక్కా?" అంది శైలజ, నా మొహం చూడకుండా.

అబద్ధం చెప్పొచ్చు. "తెలిసింది."

"చెప్పలే?"

"చెప్పలే."

పళ్లెం నా ముందుకు జరిపింది. "ఇప్పుడు చెప్పినవ్ కద. బావకు చెప్పకు. ఇంకో ముద్ద కలుపు, రెండో మడత సరిగ్గ వస్తలేదు."

అంతే. ఆ మనిషి మీద కోపం తెచ్చుకోవడం ఎంత కష్టమో ఆరోజు తెలిసింది. అలవాటు కాబట్టి ఎలాగో తెచ్చుకున్నాను.

మధ్యాహ్నం ఆయన్ని బతిమాలి, బెదిరించి కిందికి దింపాం. శైలజ స్వయంగా వండింది. పట్టీ కట్టి, ముందు పళ్లెం పెట్టి, నవ్వింది.

"బావా, మొదటి ముద్ద ఎవరికి? అక్కకా, నాకా?"

నేను సిగ్గులేకుండా ఆయన నోటివైపే చూశాను. ఆయన కలుపుతూ తలెత్తలేదు.

"ఇద్దరు జర పక్కకు జరుగుండ్రి. గాలాడ్తలేదు," అన్నారు.

ముద్ద వేళ్ల మీదికి వచ్చింది. నోటి దగ్గరికి చేరింది. ఆ పసుపు మడత దగ్గర బొటనవేలు వంగింది, తోసింది. మూడు మెతుకులు పడ్డాయి, ముద్ద లోపలికి పోయింది. గణపత్ మామ చేతులు జోడించాడు. శైలజ మొహం అటు తిప్పుకుంది. ఆయన చాలాసేపు నమిలారు.

"ఉప్పు తక్కువైంది," అన్నారు.

వండింది శైలజ! ఇరవై ఆరేళ్ల కాపురంలో అంతకంటే తియ్యటి మాట నేను వినలేదు.

తిరుగు బండి

వచ్చేటప్పుడు శైలజ పెరుగన్నం డబ్బా కట్టిచ్చింది, ఉప్పు సరిగ్గా వేసి. ధర్మాబాద్ దాటాక ఆయన డబ్బా తెరవమన్నారు. రైలుపెట్టె నిండా జనం. చున్నీ అడ్డం పెట్టబోతే వద్దన్నారు. పట్టీ కట్టించుకుని, ఒళ్లో డబ్బా పెట్టుకుని, అందరి ముందూ తినడం మొదలుపెట్టారు. ఎదురుసీటులో ఉన్న ఒక పెద్దమనిషి ఆ ఊచలనీ రబ్బరునీ వింతగా చూశాడు.

"ఏంది సార్ గది? ఎక్కడ దొరుకుతది?"

"మా మరదలు చేసింది," అన్నారాయన గర్వంగా. "నాందేడ్‌ల పెద్ద డాక్టర్. తెలివంటె ఆమెది."

అంతటితో ఆగారు. నేను ఎదురుచూశాను. ఇంకో ముద్ద కలిపారు. ఇక నావల్ల కాలేదు.

"బొటనవేలు ఎవరిదో కూడ చెప్పుండ్రి," అన్నాను.

"చెప్త తియ్," అన్నారు నిండు నోటితో. "ముందుగాల తిననియ్యి."

బాసర దాటి రైలు వంతెన ఎక్కింది. ఆయన డబ్బా మూలల్లో మెతుకులు వెతుక్కుంటున్నారు, గోదావరిని చూడనేలేదు. నా కుడిచేతికి పసుపు లేదు, పెరుగు లేదు, చేసే పనీ లేదు. పర్సులోంచి ఆ రూపాయి బిళ్ల తీసి నేనే విసిరాను.